గాలం దగ్గర బారెడు దారం

చెరువు నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇసుక కూడా కనబడుతోంది. చేపలు తిరుగుతున్నాయి. మంచి ఎర గుచ్చి గాలం వేశాం. ఒక చేప వచ్చింది. ఎర ముందు ఆగింది. మూతి పెట్టబోయింది. అంతలోనే తోక తిప్పి వెళ్ళిపోయింది.

ఎర బాగానే ఉంది. గాలం పదునుగానే ఉంది. చేపకు ఆకలీ ఉంది. మరి ఎందుకు వెళ్ళిపోయింది?

"ఇవాళ మన రాత బాగాలేదు" అనుకుంటాం. రాత సంగతి అలా ఉంచండి. ముందు దారం సంగతి చూద్దాం. గాలానికి దగ్గరగా ఉన్న బారెడు దారమే చాలాసార్లు చేపను బెదరగొడుతుంది. ఆ బారెడు ముక్క సరైనది కడితే బెదిరే చేప కూడా ఎర అందుకుంటుంది.

గాలం మీద బతికే ఇళ్ళు మనలో చాలా ఉన్నాయి. సముద్రం ఒడ్డున ఉన్నాయి. గోదావరి, కృష్ణ గట్ల మీద ఉన్నాయి. చెరువుల పక్కన ఉన్నాయి. చాలా ఇళ్ళలో గాలాలు కట్టేది, దారం చిక్కు తీసేది, చేప అమ్మేది ఆడవాళ్ళే. కొన్నిచోట్ల గాలం వేసేది కూడా వాళ్ళే. దారం కొనడానికి అప్పు తెచ్చే రోజులూ ఉంటాయి. తెచ్చిన దారం పనికిరాకపోతే ఆ అప్పు మన నెత్తినే ఉంటుంది. అందుకే ఏ దారం కొనాలో మనకు తెలియాలి.

కొసదారం అంటే ఏమిటి?

గాలానికి కట్టే దారం మొదటి నుంచి చివరి దాకా ఒకటే కానక్కర్లేదు. చేతిలో ఉండే పొడుగు దారాన్ని అసలు దారం అందాం. దాని చివర గాలానికి కట్టే చిన్న ముక్కను కొసదారం అందాం. ఇది రెండు మూరల నుంచి ఒక బార దాకా ఉంటే చాలు. బార అంటే చేతులు రెండూ చాపినంత. అంటే సుమారు 6 అడుగులు.

ఈ ముక్క వేరుగా ఎందుకు కట్టాలి? మూడు కారణాలు ఉన్నాయి.

ఒకటి. చేప దగ్గరగా చూసేది ఈ ముక్కనే. ఇది దాని కంట పడకూడదు.

రెండు. చేప పళ్ళకు, రాళ్ళకు, గవ్వలకు ఒరుసుకునేది కూడా ఇదే. ఇది తొందరగా అరగకూడదు.

మూడు. గాలం రాయికో మొద్దుకో పట్టుకుంటే ఏదో ఒకచోట తెగాలి. కొసదారం కొంచెం బలం తక్కువదైతే అక్కడే తెగుతుంది. గాలం ఒక్కటే పోతుంది. అసలు దారం మిగులుతుంది. కాబట్టి అసలు దారం కన్నా కొసదారం బలం కాస్త తక్కువే ఉండాలి.

చేపకు ఎలా తెలుస్తుంది?

చేప నోరులేనిదే గానీ తెలివిలేనిది కాదు.

దానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. అందుకని ఒకేసారి రెండు వైపులా చూస్తుంది. గట్టు మీద మనిషి నీడ కదిలినా చూస్తుంది. నీళ్ళలో దారం తళుక్కుమన్నా చూస్తుంది.

చేపను శుభ్రం చేసేటప్పుడు దాని పక్క చూడండి. తల దగ్గర నుంచి తోక దాకా పొలుసుల మీద సన్నని గీత ఉంటుంది. ఆ గీత ఊరికే లేదు. నీళ్ళలో ఏ చిన్న కదలిక వచ్చినా చేప ఆ గీతతో తెలుసుకుంటుంది. దారం బిరుసుగా ఉంటే ఎర నీటితో పాటు కదలదు. కర్రకు కట్టినట్టు నిలబడుతుంది. చేపకు అనుమానం వస్తుంది.

మూతితో కూడా తెలుసుకుంటుంది. బంగారుతీగ చేప మేతను ముందు నోట్లోకి పీల్చుతుంది. రుచి చూస్తుంది. ఏదైనా తేడాగా తగిలితే వెంటనే ఉమ్మేస్తుంది. దారం మందంగా, బిరుసుగా ఉంటే మనకు తెలిసేలోపే ఎర ఉమ్మేసి పోతుంది.

చేపకు జ్ఞాపకం కూడా ఉంది. నెదర్లాండ్స్ అనే దేశంలో బ్యూకెమా అనే శాస్త్రవేత్త బంగారుతీగ చేపలను పరీక్షించారు. ఆ సంగతులు 1970లో అచ్చయ్యాయి. ఒకసారి గాలానికి పడిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలిపెట్టారు. అలాంటి చేపలు మళ్ళీ గాలానికి పడడం బాగా తగ్గిపోయింది. ఆ జంకు ఏడాది దాకా పోలేదు.

ఇంకో మాట. రోజూ గాలాలు వేసే చెరువులో తేలిగ్గా పడే చేపలు ముందే పడిపోతాయి. మిగిలేవి జాగ్రత్త తెలిసిన చేపలే. అందుకే అలాంటిచోట కొసదారం చూసుకుని కట్టాలి.

వెనకటి రోజుల్లో ఏం కట్టేవారు?

మన దగ్గర నూలు దారం కట్టేవారు. నూలు నీళ్ళలో నానుతుంది, కుళ్ళుతుంది. అందుకని చెట్ల బెరడు ఉడికించిన కషాయంలో దారాన్ని, వలను ముంచి ఆరబెట్టేవారు.

యూరప్ దేశాల్లో గుర్రం తోక వెంట్రుకలు కట్టేవారు. ఆ తర్వాత పట్టుపురుగు దారం వచ్చింది. పట్టు దారం కాదు, పట్టుపురుగు దారమే! హిందూపురం వైపు పట్టుపురుగులు పెంచే అక్కచెల్లెళ్ళకు ఈ సంగతి వింతగా ఉంటుంది.

గూడు కట్టడానికి సిద్ధమైన పురుగు ఒంట్లో పట్టు తయారయ్యే తిత్తి ఉంటుంది. స్పెయిన్ దేశంలో ముర్సియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఆ పురుగులను పుల్లని వెనిగర్‌లో నానబెట్టేవారు. ఆ తిత్తిని బయటికి తీసి రెండు కొసలు పట్టుకుని సాగదీసేవారు. తేటగా, గట్టిగా ఉండే దారం వచ్చేది. ఒక్కో ముక్క మూరెడుకు అటూ ఇటూ ఉండేది. ముక్కలు ముడేసి కొసదారం చేసేవారు. ఎండితే పెళుసు. వాడేముందు నీళ్ళలో నానబెట్టాల్సిందే.

1938లో అమెరికాలో డ్యూపాంట్ అనే కంపెనీ నైలాన్‌ను లోకానికి చూపించింది. ఆ తర్వాత పట్టుపురుగు దారం మూలపడింది. ఇప్పుడు మన ఊరి అంగట్లో దొరికే తెల్లని గాలపు దారం చాలావరకు నైలానే.

నాలుగు రకాల దారాలు

మొదటిది నైలాన్ దారం. ఇది చవక. మెత్తగా ఉంటుంది. ముడి బాగా పడుతుంది. లాగితే కొంచెం సాగుతుంది. చేప ఒక్కసారి గుంజినప్పుడు ఆ సాగుడే దారాన్ని కాపాడుతుంది. దీనికి లోపాలూ ఉన్నాయి. ఇది నీళ్ళు పీల్చుకుంటుంది. తడిస్తే బలం తగ్గుతుంది. కిలోకు నూరు గ్రాముల చొప్పున, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గుతుంది. ఎండకు పాడవుతుంది.

రెండోది ఫ్లోరోకార్బన్ దారం. పేరు పెద్దది. కూడబలుక్కుని చదవండి. ఫ్లోరో, కార్బన్. జపాన్ దేశంలో కురెహా అనే కంపెనీ 1971లో దీన్ని గాలపు దారంగా తెచ్చింది. ఇది నైలాన్ కన్నా బరువు. తొందరగా మునుగుతుంది. నీళ్ళు పీల్చుకోదు. రాయికి ఒరుసుకున్నా తొందరగా అరగదు. నీళ్ళలో నైలాన్ కన్నా తక్కువ కనబడుతుంది. కానీ ఖరీదు ఎక్కువ. కాస్త బిరుసు కూడా.

మూడోది అల్లిన దారం. సన్న పోగులు జడలా అల్లి చేస్తారు. సన్నగా ఉన్నా చాలా బలం. అసలు దారానికి మంచిది. కానీ దీని గుండా వెలుతురు పోదు. తేట నీళ్ళలో గీత గీసినట్టు కనబడుతుంది. పైగా నీళ్ళ మీద తేలుతుంది. అందుకే బెదిరే చేపకు దీన్ని నేరుగా గాలానికి కట్టకూడదు. మధ్యలో నైలానో, ఫ్లోరోకార్బనో కొసదారంగా కట్టాలి.

నాలుగోది ఉక్కు తీగ. పళ్ళతో దారం కొరికే చేపలకు ఇదే దిక్కు. కానీ చేపకు బాగా కనబడుతుంది.

నీళ్ళలో ఒకటి కనబడి, ఇంకోటి ఎందుకు కనబడదు?

దీనికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష ఉంది. ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోయండి. ఒక గాజు గోళీ వేయండి. ఒక తేట ఐసు ముక్క వేయండి. రెండిటి గుండా వెలుతురు పోతుంది. కానీ గోళీ బాగా కనబడుతుంది. ఐసు ముక్క సరిగా కనబడదు.

ఎందుకని? వెలుతురు నీళ్ళలోంచి వేరే వస్తువులోకి పోయేటప్పుడు వంగుతుంది. గ్లాసులో చెంచా విరిగినట్టు కనబడేది అందుకే. ఎంత ఎక్కువ వంగితే వస్తువు అంత బాగా కనబడుతుంది. గాజులో వెలుతురు ఎక్కువ వంగుతుంది. ఐసు గుణం నీళ్ళ గుణానికి దగ్గర. అందుకే వంగేది తక్కువ.

శాస్త్రవేత్తలు దీనికి అంకెలు ఇచ్చారు. నీళ్ళ అంకె 1.33. ఫ్లోరోకార్బన్ అంకె సుమారు 1.42. నైలాన్ అంకె 1.53 దాటి ఉంటుంది. నీళ్ళ అంకెకు ఏది దగ్గరో మీరే చూడండి. ఫ్లోరోకార్బన్ దగ్గర. కానీ రెండూ ఒకటి కావు. కాబట్టి "ఈ దారం చేపకు అసలు కనబడదు" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. తక్కువ కనబడుతుంది, అంతే.

ఏ నీటికి ఏ దారం?

వరద నీరు, బురద నీరు ఉన్నప్పుడు చేపకు దారం కనబడదు. అప్పుడు ఖరీదైన దారం దండగ. మామూలు నైలాన్ చాలు. కాస్త మందంగా ఉన్నా ఫరవాలేదు.

నీళ్ళు తేటగా ఉన్నప్పుడు, ఎండ కాస్తున్నప్పుడు సన్న దారం కట్టాలి. కొసదారం పొడుగు పెంచాలి. మూరెడు చాలదు, బారెడు ఉండాలి.

తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ వెలుతురు తక్కువ. అప్పుడు చేప జంకు కొంత తగ్గుతుంది. డబ్బులు లేక సన్న దారం కొనలేకపోతే వేళ మార్చి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

కొత్త నైలాన్ దారానికి మెరుపు ఉంటుంది. జిడ్డు కూడా ఉంటుంది. జిడ్డు ఉంటే దారం నీళ్ళ మీద తేలుతుంది. లోతు తక్కువ ఉన్నచోట దాని నీడ అడుగున పడుతుంది. మెత్తటి మట్టిలో కొంచెం సబ్బు నీళ్ళు కలపండి. దానితో కొసదారాన్ని తుడిచి కడగండి. మెరుపు తగ్గుతుంది, దారం మునుగుతుంది. మట్టిలో ఇసుక లేకుండా చూసుకోండి. ఇసుక దారాన్ని గీస్తుంది.

ఏ చేపకు ఏ దారం?

బొచ్చె, రాగండి, బంగారుతీగ మెల్లగా, చూసి తినే చేపలు. వీటి దవడలకు కొరికే పళ్ళు లేవు. కాబట్టి వీటికి సన్నగా, మెత్తగా ఉండే కొసదారం కట్టాలి.

కొర్రమట్ట నాచులో, తుంగలో దాక్కుంటుంది. ఎర మీద ఒక్కసారిగా దూకుతుంది. దారాన్ని చూసేంత తీరిక దానికి ఉండదు. పడ్డాక నాచులోకి గుంజుకుపోతుంది. దీనికి సన్న దారం పనికిరాదు. మందం దారమే కట్టాలి.

వాలుగ నోటి నిండా సన్న పళ్ళు ఉంటాయి. దారం అరిగిపోతుంది. దీనికీ మందం దారమే మేలు.

ఇక సముద్రం సంగతి. వంజరం చేపను విశాఖ వైపు కోనాం అంటారు. దాని పళ్ళు కత్తెర లాంటివి. నైలాన్‌ను ఒక్క కొరుకుతో తెంపుతుంది. దీనికి ఉక్కు తీగ కావాలి. కానీ తేట నీళ్ళలో తీగను చూసి జంకుతుంది. అప్పుడేం చేయాలి? తీగ మానకూడదు. తీగను సన్నగా, పొట్టిగా, మెరుపు లేకుండా చూసుకోవాలి. జానెడు, మూరెడు తీగ చాలు. దాని వెనక నైలాన్ కట్టాలి.

సూర చేపను కొందరు తూర అంటారు, కొందరు ట్యూనా అంటారు. దీని పళ్ళు చిన్నవి. కళ్ళు మాత్రం పెద్దవి. తేటైన లోతు నీళ్ళలో తిరుగుతుంది. దీనికి తీగ కట్టడం తెలివితక్కువ పని. ఆస్ట్రేలియా దేశంలో ఈ విషయం పెద్ద ఎత్తున పరీక్షించారు. వేట పడవల్లో కొన్ని గాలాలకు తీగ, కొన్నింటికి నైలాన్ కట్టి చూశారు. ఆ లెక్కలు 2008లో అచ్చయ్యాయి. నైలాన్ కట్టిన గాలాలకు పెద్దకళ్ళ సూర ఎక్కువ పడింది. సొరచేపలు మాత్రం నైలాన్‌ను కొరుక్కుని పోయాయి. అవి తక్కువ పడ్డాయి. గాలాలు కొన్ని పోయినా, సూర ఎక్కువ పడడం వల్ల లాభమే వచ్చింది. పైగా సొరలు ప్రాణాలతో మిగిలాయి. సొర మెల్లగా పెరిగే చేప. పిల్లలు తక్కువ. అదీ ఒక మేలే.

చుట్ట మీద అంకెలు చదువుదాం

దారం చుట్ట మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. అంకెలు మాత్రం మనకు వచ్చినవే. మూడు అంకెలు చూడాలి.

మొదటిది మందం. 0.20, 0.30, 0.40 అని ఉంటుంది. ఇవి మిల్లీమీటర్లు. దీని పక్కన ఒకే ఇంగ్లీషు అక్షరం రెండుసార్లు ఉంటుంది.

రెండోది బలం. ఎన్ని కిలోలు ఆగుతుందో చెప్పే అంకె.

మూడోది పొడుగు. 50 మీటర్లు, 100 మీటర్లు అని ఉంటుంది.

నైలాన్ దారం 0.20 మి.మీ. ఉంటే సుమారు 3 కిలోలు ఆగుతుంది. 0.30 ఉంటే 6 నుంచి 7 కిలోలు ఆగుతుంది. 0.40 ఉంటే 10 నుంచి 12 కిలోలు ఆగుతుంది. కంపెనీని బట్టి కొంచెం తేడా ఉంటుంది. ఒక సంగతి గమనించారా? 0.20 నుంచి 0.40కి మందం రెట్టింపు అయింది. బలం రెట్టింపు కాలేదు, నాలుగు రెట్లయింది. కాబట్టి కొంచెం సన్న దారం తీసుకున్నా బలం చాలా తగ్గుతుంది. మరీ సన్నది కొనకండి. దారం తెగితే చేప పోతుంది. దాని నోట్లో గాలం ఉండిపోతుంది. మనకూ నష్టం, దానికీ బాధ.

బలం అంకె దగ్గర ఒక చిక్కుంది. కొన్ని చుట్టల మీద కిలోలు ఉండవు, పౌండ్లు ఉంటాయి. ఒక పౌండు అంటే సుమారు 450 గ్రాములు. సగం కిలో కన్నా తక్కువే. ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లో కిలో ఉప్పు ప్యాకెట్ చూడండి. 1 పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. అవి కిలో అక్షరాలు. చుట్ట మీద అవే ఉంటే కిలోలు. వేరే అక్షరాలుంటే అడగండి.

అంగట్లో ఇలా మాట్లాడవచ్చు.

"అన్నా, గాలం దారం చూపించు."

"ఇదిగో చెల్లెమ్మా. గట్టి దారం. 20 కిలోలు ఆగుతుంది."

"20 అని ఉంది గానీ, పక్కన ఉప్పు ప్యాకెట్ మీది అక్షరాలు లేవే. ఇవి పౌండ్లు కావూ? అంటే 9 కిలోలే గదన్నా!"

"అబ్బో, బాగానే చదువుతున్నావే."

"డబ్బులు పెట్టేది నేను. చదవకపోతే ఎట్టా? మందం 0.30ది ఇవ్వు. ఎండ తగిలే చోట వేలాడదీసింది వద్దు. లోపల డబ్బాలో ఉన్నది తియ్యి."

ఫ్లోరోకార్బన్ చుట్ట ఖరీదు ఎక్కువని చెప్పుకున్నాం. కానీ మనకు కావలసింది కొసకు మాత్రమే. లెక్క వేద్దాం. ఒక బార అంటే సుమారు 1.8 మీటర్లు. 50 మీటర్ల చుట్టలో బారెడు ముక్కలు 27 వస్తాయి. పొదుపు సంఘంలో నలుగురు కలిసి ఒక చుట్ట కొనుక్కోవచ్చు. తలా 6 ముక్కలు వస్తాయి. ఇంకా 3 మిగులుతాయి.

ఇంట్లో చేసే మూడు పరీక్షలు

బకెట్టు పరీక్ష. లీటరు నీళ్ళు ఒక కిలో బరువు. దారం ఒక కొసను గట్టి కొమ్మకు కట్టండి. రెండో కొసను బకెట్టు చేతికి కట్టండి. బకెట్టు నేలకు జానెడు ఎత్తులోనే ఉండాలి. లీటరు చెంబుతో మెల్లగా నీళ్ళు పోయండి. ఎన్ని చెంబులకు తెగిందో లెక్కపెట్టండి. బకెట్టు బరువు కూడా కలపండి. చుట్ట మీద ఉన్న అంకె నిజమో కాదో తేలిపోతుంది. దారాన్ని నానబెట్టి కూడా చేసి చూడండి. నైలాన్ బలం ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. పిల్లలను దూరంగా ఉంచండి.

ఉప్పు నీళ్ళ పరీక్ష. తాలు గింజలు ఏరడానికి విత్తనాల వడ్లను ఉప్పు నీళ్ళలో వేస్తాం కదా. ఇదీ అలాంటిదే. ఫ్లోరోకార్బన్ అని చెప్పి నైలాన్ అంటగడితే దీనితో పట్టుకోవచ్చు. లీటరు నీళ్ళలో 350 గ్రాములకు పైగా ఉప్పు వేసి బాగా కలపండి. ఇక ఉప్పు కరగదు అనేదాకా వేయాలి. పైన తేట నీళ్ళు గ్లాసులోకి వంచండి. చిన్న దారం ముక్కను సబ్బుతో కడిగి అందులో ముంచండి. గాలి బుడగలు అంటకుండా వేళ్ళతో నలపండి. తర్వాత వదలండి. నైలాన్ పైకి తేలుతుంది. ఫ్లోరోకార్బన్ అడుక్కి పోతుంది. ముక్క తేలిందంటే అది ఫ్లోరోకార్బన్ కాదు. ఆ ధర ఇవ్వకండి.

గోరు పరీక్ష. వేటకు పోయే ముందు, చేప పడిన తర్వాత కొసదారాన్ని రెండు వేళ్ళ మధ్య, గోటి మీద లాగి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కోసేయండి. మళ్ళీ కట్టండి. జానెడు దారం పోయిందని బాధపడితే కిలో చేప పోతుంది.

ముడి కూడా ముఖ్యం

దారం ఎక్కువగా తెగేది ముడి దగ్గరే. గాలానికి ఇలా ముడి వేయండి. గాలం కన్నులోంచి దారం దూర్చండి. దూర్చిన కొసను అసలు దారం చుట్టూ ఐదారు మెలికలు తిప్పండి. ఆ కొసను గాలం కన్ను దగ్గరి సందులోంచి వెనక్కి తీయండి. ఇప్పుడు ముడిని నీళ్ళతో తడపండి. మెల్లగా లాగి బిగించండి. పొడిగా, గబుక్కున లాగితే రాపిడికి వేడి పుట్టి దారం దెబ్బతింటుంది. ఫ్లోరోకార్బన్‌కు ఇది మరీ ముఖ్యం.

అసలు దారానికి కొసదారం కలపడం ఇలా. రెండు కొసలను జానెడు మేర పక్కపక్కన పెట్టండి. రెండింటినీ ఒకే దారంలా పట్టుకుని ఒక సుడి చేయండి. ఆ సుడిలోంచి పొట్టి కొసను, కొసదారం మొత్తాన్ని కలిపి మూడుసార్లు దూర్చండి. తడిపి, నాలుగు కొసలూ సమంగా లాగండి.

మన జాగ్రత్త, పిల్లల జాగ్రత్త

దారాన్ని చేతికి చుట్టుకోకండి. సన్న దారం కత్తిలా కోస్తుంది. సముద్రంలో పెద్ద చేప పడితే మనిషిని కూడా లాక్కుపోతుంది. వేటకు పోయే మీ వాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పండి.

సీసం గుండ్లను పళ్ళతో కొరికి బిగించకండి. సీసం విషం. ఒంట్లో చేరితే పిల్లల మెదడుకు చెరుపు చేస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళకూ ప్రమాదం. గుండ్లు బిగించడానికి పటకారు వాడండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగండి. వంట పొయ్యి మీద సీసం కరిగించకండి.

తెగిన దారం ముక్కలు గట్టు మీద పారేయకండి. నైలాన్ ఏళ్ళ తరబడి కుళ్ళదు. కొంగ కాళ్ళకు చుట్టుకుంటుంది. గడ్డితో పాటు గేదె కడుపులోకి పోతుంది. పొయ్యిలోనూ వేయకండి. ఆ పొగ విషం. ఫ్లోరోకార్బన్ పొగ మరీ చెడ్డది. ముక్కలు చిన్నగా కోసి ఒక డబ్బాలో వేసి, చెత్త బండికి ఇవ్వండి.

మిగిలిన దారం చుట్టను ఎండలో ఉంచకండి. మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కిరసనాయిలు దగ్గర పెట్టకండి.

గుర్తుంచుకుందాం

తేట నీళ్ళకు సన్న దారం. బురద నీళ్ళకు మామూలు దారం.

చూసి తినే చేపకు మెత్తని దారం. కొరికే చేపకు పొట్టి తీగ.

ఖరీదైన దారం బారెడు చాలు.

అసలు దారం కన్నా కొసదారం బలం కాస్త తక్కువ ఉండాలి.

కొనే ముందు చుట్ట మీద అంకెలు చదవాలి.

చెప్పండి చూద్దాం

1. చేప దారాన్ని ఏ ఏ విధాలుగా తెలుసుకుంటుంది?

2. చుట్ట మీద 10 పౌండ్లు అని ఉంది. అంటే సుమారు ఎన్ని కిలోలు?

3. మీ ఊరి చెరువులో నీళ్ళు ఏ నెలల్లో తేటగా ఉంటాయి? అప్పుడు ఏ కొసదారం కడతారు?

4. మీ ఇంట్లో ఉన్న దారం చుట్ట తీయండి. మందం, బలం, పొడుగు చదివి పలక మీద రాయండి. పక్కింటి ఆమెకు కూడా చదివి చూపించండి.